ఓబులేసు చేసిన సర్వే

ఒక విశ్వవిద్యాలయంలో ఓబులేసు అనే ఎమ్మెస్సీ కుర్రాడు ఉండేవాడు. పక్కవాడు మొదలుపెట్టాడని రూఢిగా తెలిస్తే తప్ప అతను ఏ పనీ మొదలుపెట్టేవాడు కాదు.

సోమరి అనుకునేరు, కాదు. చెయ్యి పెట్టాడంటే పని ముచ్చటగా చేసేవాడు. కాకపోతే ఆ చెయ్యి కదలాలంటే ముందు నాలుగు పక్కలా చూసుకోవాలి. పరీక్ష హాల్లో పక్కవాడు అడిషనల్ షీటు అడిగితే తానూ అడిగేవాడు, తన జవాబు ఇంకా రెండో పేజీలో ఉన్నా సరే. హాస్టల్లో ఎవరైనా స్వెట్టరు తొడుక్కుంటే గానీ అతనికి చలి వేసేది కాదు. "ఎవరైనా చేసినారా?" అన్నది అతని ఊతపదం. అతను ఎదురుపడగానే, ఇంకా నోరు తెరవకముందే, "ఎవరూ చేయలేదప్పా!" అని స్నేహితులు నవ్వేవాళ్ళు.

ఒక్క పక్షుల విషయంలో మాత్రం ఓబులేసు ఎవరినీ అడిగేవాడు కాదు. జంతుశాస్త్రం విద్యార్థి కదా, సెమిస్టరు ప్రాజెక్టుకు క్యాంపస్‌లోని గోరింకల్ని ఎంచుకున్నాడు. ఆగస్టు నుంచి నవంబరు దాకా రోజూ సాయంత్రం లైబ్రరీ వెనక కానుగ చెట్ల దగ్గర నిలబడి, గూటికి చేరే గోరింకల్ని లెక్కపెట్టి, అవి చేరిన వేళతో సహా చొక్కా జేబులోని చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. వాన పడితే గొడుగు పట్టుకుని లెక్కపెట్టేవాడు. నెత్తిన రెట్ట పడితే తుడుచుకుని లెక్కపెట్టేవాడు. నోటుబుక్కు మూడు నెలల్లో నిండిపోయింది. ఇక మిగిలింది దాన్నంతా ఒక రిపోర్టుగా రాయడం. చిక్కంతా అక్కడే వచ్చింది.

సెమిస్టరు చివరి వారం. సోమవారం పొద్దున డిపార్టుమెంటు నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. డిసెంబరులో పులికాట్ సరస్సు దగ్గర పన్నెండు రోజుల పక్షి గణన శిబిరం. డిపార్టుమెంటు నుంచి ఆరుగురిని పంపుతారు. పూర్తయిన ప్రాజెక్టు రిపోర్టు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల్లోగా ఇచ్చినవాళ్ళ నుంచే ఆ ఆరుగురినీ ఎంపిక చేస్తారు. గడువు పొడిగింపు ఉండదు. కింద విభాగాధిపతి వసుంధర మేడం సంతకం.

ఓబులేసు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. పులికాట్ అంటే ఫ్లెమింగోలు. సన్నటి కాళ్ళు, గులాబీ రెక్కలు, వంకర ముక్కు, వేలకు వేలు ఒక్కచోట! అనంతపురం జిల్లాలో, వాన మబ్బు కనిపిస్తే పనులు మానుకుని బయటికొచ్చి చూసే ఊళ్ళో పెరిగిన కుర్రాడు అతను. ఆ పక్షిని పుస్తకంలో తప్ప చూడలేదు. దాని బొమ్మ గీసి మంచం పక్కన గోడకు అంటించుకున్నాడు. ఆ శిబిరానికి వెళ్ళాలని అతనికి ఎంత ఆశ కలిగిందంటే, ఆ పూట టిఫిను తినడం కూడా మరిచిపోయాడు.

నేరుగా గదికి వెళ్ళాడు. కాగితాలు తీశాడు. పెన్ను తీశాడు. మూత కూడా తీశాడు. సరిగ్గా అప్పుడు అలవాటు అడ్డొచ్చింది.

"పీరా, నువ్వు రిపోర్టు మొదలుపెట్టినావా?" అని అడిగాడు.

గదిలో అతనితో ఉండే హుసేన్ పీరా మంచం మీద పడుకుని ఉన్నాడు. అతని తలగడ మామూలు కంటే కాస్త ఎత్తుగా ఉంది, ఎందుకంటే దాని కింద కప్పల మీద అతను రాసిన నలభై పేజీల రిపోర్టు ఉంది.

"యాడప్పా! ఇంకా అట్టమీద పేరు గూడా రాయలే," అన్నాడు పీరా.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పీరా చెడ్డవాడు కాదు. ఆ క్యాంపస్‌లో అదొక మర్యాద. చదివేశానని చెప్పుకోవడం గొప్పలకు పోవడం కింద లెక్క. పైగా దిష్టి తగులుతుందని ఒక భయం. పుస్తకం మొత్తం రెండుసార్లు తిరగేసినవాడు కూడా "ఇంకా తెరవనేలేదు" అనేవాడు. భోజనానికి కూర్చోమంటే "ఇప్పుడే తినొచ్చినా" అంటామే, అలాంటిదన్నమాట. వినేవాళ్ళు కూడా అందులో తీసేయాల్సింది తీసేసి, తమ పని తాము చూసుకునేవాళ్ళు. అందరికీ తెలిసిన ఈ సంగతి ఓబులేసుకు మాత్రం తెలియదు. ఎవరేం చెబితే అది తు.చ. తప్పకుండా నమ్మేవాడు.

"అమ్మయ్య!" అనుకుని పెన్నుకు మూత పెట్టేశాడు.

మంగళవారం లైబ్రరీ మెట్ల మీద మంజుల కనిపించింది. క్లాసులో మొదటి ర్యాంకు ఆమెదే. ఆమె మొదలుపెట్టి ఉంటే తానూ మొదలుపెట్టక తప్పదని ఓబులేసుకు తెలుసు.

"మంజులా, నీ రిపోర్టు యాడిదాకా వచ్చింది?"

"అయ్యో, ఊరికే ఉండు ఓబులేసూ! ఇంకా లెక్కలు గూడా వేయలేదు, నాకు భయమైతాంది," అంది మంజుల. అంటూనే చేతిలో ఉన్నదాన్ని చున్నీ కింద దాచుకుంది. నీలం రంగు స్పైరల్ బైండింగ్ అంచు బయటికి కనిపిస్తూనే ఉంది.

"అదేంది?"

"ఇదా? మా చెల్లెలి బొమ్మల పుస్తకం," అని చరచరా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చెల్లెలు ఇంత బాగా బొమ్మలు వేస్తుందా, బైండింగ్ కూడా చేయించారే అని ఓబులేసు మురిసిపోయాడు. మంజులే మొదలుపెట్టలేదంటే ఇక తొందరేముంది? అయినా మనసులో ఎక్కడో ఒక మూల భయం పీకుతూనే ఉంది. ఎవరైనా ఒక్కరు రాస్తూ ఉంటే? ఆ ఒక్కరూ శిబిరానికి వెళ్ళిపోతే? ఈ అనుమానం తీర్చుకోవాలంటే ఒకటే దారి అనుకున్నాడు. క్లాసంతటినీ లెక్కపెట్టాలి.

లెక్కపెట్టడంలో ఓబులేసును మించినవాడు లేడు. బుధవారం పొద్దున కొత్త కాగితం తీసి, స్కేలు పెట్టి గళ్ళు గీశాడు. తన పేరుతో కలిపి ఇరవై నలుగురి పేర్లూ వరసగా రాశాడు. మొదలుపెట్టారా, సగమయిందా, పూర్తయిందా అని మూడు గళ్ళు. ఇక క్యాంపస్ అంతా తిరగడం మొదలుపెట్టాడు. క్యాంటీన్లో ఐదుగురు దొరికారు. ల్యాబులో ఏడుగురు. ఇద్దరిని వాలీబాల్ ఆడుతుంటే ఆపి అడిగాడు. ఒకతను స్నానం చేస్తుంటే తలుపు కొట్టి అడిగాడు. "రాయలేదప్పా, సబ్బు కళ్ళలో పడుతాంది, పో!" అని లోపలి నుంచి జవాబు వచ్చింది. దాన్నీ రాసుకున్నాడు.

సాయంత్రానికి సర్వే పూర్తయింది. ఒక్కరు కూడా మొదలుపెట్టలేదు. ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. గ్రాఫు కాగితం మీద పటం కూడా గీశాడు. "మొదలుపెట్టనివారు" అన్నచోట ఎర్ర పెన్సిలుతో నిలువెత్తు గీత, "పూర్తిచేసినవారు" అన్నచోట సున్నా. ఆ పటానికి పట్టిన సమయంలో రిపోర్టులో మొదటి అధ్యాయం రాసి పారేయొచ్చు. ఆ మాట అతనికి తట్టలేదు.

గురువారం ఇంకో ఆలోచన వచ్చింది. క్లాసులో ఏ ఒక్కరూ రాయకపోతే మేడం గడువు పొడిగించక ఏం చేస్తారు? ఓబులేసు ఒక అర్జీ రాశాడు. "మాలో ఏ ఒక్కరూ ప్రాజెక్టు రిపోర్టు పూర్తి చేయలేకపోయినందున, దయచేసి గడువును ఒక వారం పొడిగించవలసిందిగా ప్రార్థన." దాన్ని పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగాడు. అందరూ సంతకం పెట్టారు. పీరా తలగడ మీద కాగితం పెట్టుకుని మరీ సంతకం చేశాడు. రాయలేదని ఒకసారి చెప్పాక సంతకం పెట్టనంటే బాగుండదు కదా. గడువు పెరిగితే తమకు పోయేదేమీ లేదు కూడా. మంజుల ఒక్కతే కాసేపు పెన్ను పట్టుకుని తటపటాయించింది.

"ఓబులేసూ, ఒకవేళ మేడం ఒప్పుకోకపోతే? నువ్వైతే కొంచెం కొంచెం రాసుకుంటా ఉండు," అంది.

"అందరూ రాయకపోతే ఒప్పుకోక ఏం జేస్తారు? నువ్వేం భయపడొద్దు మంజులా, నేనుండా కదా!" అని ఆమెకే ధైర్యం చెప్పాడు ఓబులేసు.

ఆ రోజు మేడం వేరే కాలేజీలో వైవాకు వెళ్ళారు. శుక్రవారం భోజనాల తర్వాత గానీ రాలేదు. మధ్యాహ్నం మూడింటికి ఓబులేసు తల దువ్వుకుని, అర్జీ ఒక చేత్తో, గ్రాఫు ఒక చేత్తో పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాడు.

వసుంధర మేడం అర్జీ అందుకుని పైకి చదివారు. "మాలో ఏ ఒక్కరూ..." దగ్గర ఆగారు. కళ్ళజోడు పైనుంచి అతన్ని చూశారు.

"ఏ ఒక్కరూనా?"

"ఒక్కరు గూడా లేరు మేడం. నేనే తిరిగి సర్వే చేసినా. ఇదిగో, గ్రాఫు!"

మేడం గ్రాఫు చూశారు. ఆవిడ పెదవులు వణికాయి. నవ్వు ఆపుకుంటున్నారని ఓబులేసుకు ఎలా తెలుస్తుంది? ఆవిడ కంప్యూటరు వెనక ఉన్న పుస్తకాల దొంతర తీసి ముందుకు జరిపారు.

"నువ్వు లెక్కపెట్టడంలో గట్టివాడివి కదా. వీటిని కాస్త లెక్కపెట్టు నాయనా," అన్నారు.

ఓబులేసు లెక్కపెట్టాడు. అన్నింటికంటే పైన కప్ప బొమ్మ అట్టతో హుసేన్ పీరా రిపోర్టు. దాని కింద నీలం రంగు స్పైరల్ బైండింగ్. చెల్లెలి బొమ్మల పుస్తకం! అతని వేళ్ళు ఒక్కొక్కటే దాటుకుంటూ చివరిదాకా వెళ్ళాయి. మొత్తం ఇరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై మూడే. కూర్చోమనకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ ఇరవై ముగ్గురూ రాశామని సంతకం పెట్టి రిపోర్టులిచ్చారు. రాయలేదని సంతకం పెట్టి అర్జీ ఇచ్చారు. రెండూ నా బల్ల మీదే ఉన్నాయి!" అని మేడం ఇక ఆపుకోలేక పకపకా నవ్వేశారు. తర్వాత ముఖం గంభీరంగా పెట్టుకుని పక్క ల్యాబులో ఉన్నవాళ్ళందరినీ పిలిపించారు.

అందరూ వచ్చి తలలు దించుకుని నిలబడ్డారు. పీరా ఓబులేసు వైపు చూడలేక కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"మీరు మర్యాదకు అన్నారు. ఇతను నిజమనుకున్నాడు. ఇప్పుడు ఇతని రిపోర్టు లేదు. తప్పు ఎవరిదో మీరే చెప్పండి," అన్నారు మేడం.

"నాదే మేడం," అంది మంజుల.

"కాదు మేడం, నాది. ఒకే గదిలో ఉండి గూడా చెప్పలేదు," అన్నాడు పీరా.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా మాట స్పష్టంగానే వచ్చింది.

"వాళ్ళది కాదు మేడం. రాయలేదని చెప్పినారు గానీ, నన్ను రాయొద్దని ఎవరూ చెప్పలే. గోరింకల్ని లెక్కపెట్టేదానికి నేనెవరినీ అడగలే. రాసేదానికి ఎందుకు అడిగినానో నాకే తెలీడంలే."

మేడం ఆ కుర్రాడి వైపు తిరిగి గోడ మీద గడియారం వైపు చూపించారు. మూడూ పది.

"గడువు నాలుగింటికి. నేను ఒక్క నిమిషం కూడా పొడిగించను. కానీ యాభై నిమిషాలు ఇంకా నీవే," అన్నారు.

ఓబులేసు వరండాలోకి పరుగెత్తి బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోంచి నోటుబుక్కు తీశాడు. పీరా కాగితాలు తెచ్చాడు. మంజుల "పట్టికలు నేను గీసిస్తా" అంటూ స్కేలు తీసింది.

"వద్దు. నేనే గీసుకుంటా. ఎవరూ మాట్లాడించొద్దండి," అన్నాడు ఓబులేసు తలెత్తకుండానే.

ఆ యాభై నిమిషాలూ అతను పక్కకు చూడలేదు. ఎవరు నిలబడ్డారో, ఎవరు వెళ్ళారో అతనికి తెలియదు. మూడు నెలల గోరింకలు వరసకట్టి కాగితం మీదికి వచ్చాయి. ఏ రోజున ఎన్ని, వాన పడితే ఎన్ని, ఎండ కాస్తే ఎన్ని. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగి తనలో తానే నవ్వుకున్నాడు. అంతవరకూ తాను గమనించని సంగతొకటి అంకెల్లో కనిపించింది. మెస్సులో బిర్యానీ పెట్టిన ఆదివారాల్లో గోరింకలు పావుగంట ఆలస్యంగా గూటికి చేరాయి! మెస్సు వెనక పారేసిన మెతుకుల దగ్గర కాలక్షేపం చేసి వచ్చేవన్నమాట. అదీ రాశాడు.

నాలుగింటికి రెండు నిమిషాలుందనగా ఏడు పేజీలు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. అట్ట లేదు, బైండింగ్ లేదు, చివరి పేజీలో ముగింపు లేదు. కానీ తనదైన రిపోర్టు ఉంది.

సోమవారం ఆరుగురి పేర్లు బోర్డు మీదికి వచ్చాయి. పీరా పేరుంది. మంజుల పేరుంది. ఓబులేసు పేరు లేదు. ఏడు పేజీల రిపోర్టును నలభై పేజీల రిపోర్టుల పక్కన నిలబెట్టడం న్యాయం కాదు కదా. ఓబులేసు ఆ జాబితాను కూడా మూడుసార్లు చదివాడు. గదికి వెళ్ళి, గోడమీది ఫ్లెమింగో బొమ్మకు వీపు తిప్పి పడుకున్నాడు. చాలా బాధపడ్డాడు. అయితే ఆ బాధలో ఎవరి మీదా కోపం లేదు. మర్నాడు తానే పీరా పెట్టె సర్దిపెట్టి బస్సు దాకా మోసుకెళ్ళాడు.

రిపోర్టు తిరిగి చేతికొచ్చినప్పుడు దాని మీద వసుంధర మేడం చేత్తో రాసిన వాక్యం ఒకటి ఉంది. "బిర్యానీ సంగతి అద్భుతం. దీన్ని తీరిగ్గా రాసి ఉంటే ఆరుగురిలో నువ్వే మొదటివాడివి." ఓబులేసు అది చదివి సిగ్గుపడ్డాడు, సంతోషపడ్డాడు, ఆ రోజే కొత్త కాగితాలు తీసి మొదటి పేజీ నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. రాయమని ఎవరూ అడగలేదు. మార్కులు కూడా ఇచ్చేశారు. అయినా రాశాడు.

పన్నెండు రోజుల తర్వాత పీరా ఎండకు నల్లబడి తిరిగొచ్చాడు. ఫోను నిండా ఫ్లెమింగోలే.

"ఇదిగో చూడప్పా, ఎన్ని ఉండాయో!"

ఓబులేసు రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. "చూపించొద్దు. నేను చూసినాక చూస్తా," అన్నాడు.

కొత్త సంవత్సరం వచ్చింది. జనవరి మొదటి వారంలో మరో నోటీసు వెలిసింది. ఫిబ్రవరిలో రెండో శిబిరం. మళ్ళీ ఆరుగురు. ఈసారి కొత్తగా రాసినదో, తిరగరాసినదో ఒక రిపోర్టు ఇవ్వాలి. గడువు జనవరి ఇరవై ఐదు. నోటీసు అంటించిన జిగురు ఇంకా ఆరలేదు, ఓబులేసు తన రిపోర్టు తీసుకెళ్ళి మేడం బల్ల మీద పెట్టేశాడు. నలభై ఆరు పేజీలు, గోరింక బొమ్మ అట్ట, చక్కటి ముగింపు.

ఆ సాయంత్రం క్యాంటీన్లో ఎవరో అలవాటుగా అడిగారు. "ఏం ఓబులేసూ, మొదలుపెట్టినావా?"

"రాసేసినా. ఇచ్చేసినా గూడా," అన్నాడు ఓబులేసు టీ తాగుతూ.

క్యాంటీన్లో అందరి తలలూ అతని వైపు తిరిగాయి. ఆ క్యాంపస్‌లో అలాంటి మాట ఎవరూ విని ఎరుగరు.

"ఒరే, అట్ల బయటికి చెప్తే దిష్టి తగుల్తాదిరా!" అన్నాడు పీరా కంగారుగా.

"తగిల్తే తగలనీ. మీరు గూడా ఇయ్యాలే మొదలుపెట్టండి. నా కోసం ఎవరూ ఆగొద్దు, మీ కోసం నేనూ ఆగను," అన్నాడు ఓబులేసు.

అందరూ గొల్లున నవ్వారు. మూలనున్న ఒకతను మెల్లగా చెయ్యెత్తి, "నాది గూడా సగమయింది," అని ఒప్పుకున్నాడు. ఇంకొకడు "నాది అయిపోయింది," అన్నాడు. ఆ సాయంత్రం ఆ క్యాంటీన్లో నిజాలు పకోడీలంత వేడిగా బయటికొచ్చాయి.

ఈసారి జాబితాలో మొదటి పేరు ఓబులేసుది. అంతకుముందు వెళ్ళినవాళ్ళలో ఇద్దరిని కొత్తవాళ్ళకు దారి చూపడానికి మళ్ళీ పంపారు. అందులో పీరా ఒకడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పడవ పులికాట్ నీళ్ళలో మెల్లగా సాగింది. మలుపు తిరగ్గానే ఎదురుగా నీళ్ళ మీద గులాబీ రంగు మైళ్ళ పొడుగునా పరుచుకుని ఉంది. అది రంగు కాదు, పక్షులు. ఓబులేసు నోరు తెరిచి చూస్తుండిపోయాడు. అతని బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. లెక్కపెట్టడానికి వచ్చినవాడు లెక్కపెట్టడం మరిచిపోయాడు.

ఇంతలో అంచున ఉన్న ఒక ఫ్లెమింగో మెడ పైకెత్తి అటూ ఇటూ చూసింది. దాని పక్కది చూసింది. ఆ పక్కది చూసింది. ఏదీ కదల్లేదు. ఒకదాన్ని చూసి ఒకటి అలాగే నిలబడ్డాయి.

"చూసినావా పీరా, అచ్చం నా మాదిరే ఉండాయి!" అన్నాడు ఓబులేసు పొట్ట పట్టుకుని నవ్వుతూ.

"వాటికి సెమిస్టరు లేదు లేప్పా, ఏం పర్వాలేదు," అన్నాడు పీరా.

పడవలో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వుకు బెదిరి పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి, ఆకాశం సగం గులాబీ రంగయింది. ఓబులేసు గబగబా పెన్ను తీసి, మొదటి గీత గీసి, లెక్క మొదలుపెట్టాడు.

నీతి: ఇతరులు పని మొదలుపెట్టారా లేదా అని చూస్తూ కూర్చున్నవాడికి గడువు దాటిపోతుంది, అవకాశం చేజారుతుంది, కాబట్టి మన పనిని మనమే, ఎవరి కోసమూ ఆగకుండా, ఈ రోజే మొదలుపెట్టాలి.